మెడ పట్టీ మాత్రం తడవలేదు

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు రాయడం రాదు. యాభై దాటాక, పలాసలో డయాలసిస్ మంచం మీద నేర్చుకున్నాను. ఎడమ చెయ్యి మిషనుకి ఇచ్చేస్తే కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది. పక్క మంచం మీద ఒక రిటైరైన మాస్టారు ఉండేవారు. ఊరికే పడుకోలేక నా కోసం పలక తెప్పించారు. అచ్చులు, హల్లులు, గుణింతాలు ఆయన చెప్పినవే. ఒత్తులు మొదలుపెట్టిన రోజుల్లో ఒకనాడు వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఒత్తులు నర్సమ్మ నేర్పింది.

ఈలోగా నా సంగతి చాలామంది చెప్పేశారు. మా మరిది ఒకలా చెప్పాడు. పాస్టర్ గారు మైకులో ఇంకోలా చెప్పారు. నేను చూసింది ఆ రెండింటిలోనూ పూర్తిగా లేదు.

దెయ్యాల్ని, గాలీధూళీని నేను ఏనాడూ నమ్మలేదు. పొద్దుపోయాక జీడితోటల్లోంచి ఒక్కదాన్నే నడిచి వచ్చేదాన్ని. ప్రార్థన మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాక కూడా, ఎవరైనా లేచి అద్భుతం జరిగిందని సాక్ష్యం చెబుతుంటే నాకు కునుకు పట్టేది.

మా ఆయన పేరు కూర్మారావు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో అదేమీ వింత కాదు, ఏ వీధిలో అడిగినా ఒక ఇల్లు చూపిస్తారు. మెడ పక్కన గొట్టం వేశారు. రోజు విడిచి రోజు మిషను. నీళ్ళు కొలిచి తాగాలి. చంటిపిల్లలకి మందు పోసే గ్లాసంత గ్లాసు ఒకటి ఉండేది మా ఇంట్లో. దాంతో అడిగి అడిగి తాగేవాడు.

ఎవరో చెబితే నేను మందిరానికి వెళ్ళాను. అతను రాలేదు. "ఒలే దాలమ్మా, మీ యేసు కొబ్బరిసెట్టెక్కగలడేటి? నా బదులు నాలుగు గెలలు దింపమను, అప్పుడొత్తాను" అనేవాడు.

నా కిడ్నీ ఇస్తానని విశాఖపట్నం తీసుకెళ్ళాను. టెస్టులన్నీ అయ్యాక డాక్టరు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు, నావి కూడా పాడవుతున్నాయని. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపు కూడా రాలేదు. అతను నా వైపు చూసి నవ్వాడు.

"ఇన్నాల్లూ నీసుకూరలో ముక్క అడిగితే వాటా ఇచ్చినావు కాదు. జబ్బులో మాత్రం వాటాకి ఒచ్చీసినావే."

ఆ రోజుతో నా ప్రార్థన ఆగిపోయింది. మందిరంలో కూర్చునేదాన్ని, పెదాలు కదిపేదాన్ని, అంతే. విచిత్రం ఏమిటంటే, అతనిది ఆ రోజే మొదలైంది. "డాక్టరు నేదనీసినాడు గదే, ఇంక ఆయన్నే అడగాల" అన్నాడు. ఎవరో ఒకరు కిడ్నీ ఇస్తారని పట్టుకున్నాడు. ఫోను మోగితే లేచి కూర్చునేవాడు. నేను ఆదివారం విన్న వాక్యాలు మళ్ళీ చెప్పమనేవాడు. ఒకటి మరిచిపోతే తిట్టేవాడు. పొదుగు కింద చేరిన దూడలా అతని విశ్వాసం ఆ ఆశ కింద చేరి రోజురోజుకీ బలిసింది. నాకు చూస్తుంటే ఒళ్ళు మండేది. అది వట్టిపోయిన ఆవని నాకు తెలుసు.

చివరికి బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. మా మందిరంవాళ్ళు భావనపాడు సముద్రంలో ముంచి ఇస్తారు. డాక్టరు గొట్టం తడవకూడదన్నాడు, చీము పడితే మనిషి దక్కడన్నాడు. తల మీద నాలుగు చుక్కలు చల్లండి చాలని నేను బతిమాలాను. చల్లితే చెల్లదని సంఘ పెద్దలు అన్నారు. గొట్టం తీశాక చూద్దామన్నారు. ఆ గొట్టం ఎప్పటికీ తీసేది కాదని అందరికీ తెలుసు.

"తాగొద్దంటారు, మునగొద్దంటారు. నీల్లకీ నాకూ ఏటే ఈ పగ?" అన్నాడు.

పైకి నవ్వాడు గాని అతని బెంగ వేరే ఉంది. సరుగుడు తోట పక్కన మందిరానికి ఒక సమాధుల స్థలం ఉంది. చుట్టూ ముళ్ళకంచె. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే లోపల చోటు. మందిరం వైపు తిరిగినవాడికి చితికి మా కట్టెలెందుకని మా మరిది అప్పటికే అనేశాడు. "కంచి లోపల నాకూ ఒక సోటుంటాదే. నువ్వు సూడు" అనేవాడు అతను, టిక్కెట్టు చేతిలో ఉన్నవాడిలా.

ఆ రోజు నేను ఎప్పటిలా జీడి ఫ్యాక్టరీకి వెళ్ళాను. బయట తాళం వేయమని అతనే అడిగేవాడు. "నేకపోతే పాక్కుంటూ ఎల్లయినా నీలమ్మ కడవ కాళీ సేసెత్తాను" అనేవాడు. మా నీళ్ళబిందె కూడా పొద్దున్నే ఎదురింటి నీలమ్మ వదిన అరుగు మీద పెట్టి వెళ్ళేదాన్ని. ఇంట్లో చుక్క ఉంచేదాన్ని కాదు. తాళంచెవి నా కొంగున ఉండేది. ఇంకోటి లేదు. ఇంటికి తలుపూ అదొక్కటే.

సంజెవేళ వచ్చి తాళం తీశాను. అతను మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. చొక్కా, లుంగీ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మంచం కింద నేల తడిసి ఉంది.

చెమటేమో అనుకున్నాను. జీడిపిక్కల నూనెకి నా వేళ్ళ చర్మం కాలి మొద్దుబారిపోయింది, తడీ పొడీ సరిగా తెలియదు. అందుకని చొక్కా అంచు నాలుకకి తాకించి చూశాను. ఉప్పు. చెమటా ఉప్పేగా అనుకున్నాను. అప్పుడు కాళ్ళు చూశాను. వేళ్ళ సందుల్లో ఇసుక ఉంది, ఆల్చిప్పల నలుసులున్నాయి. సముద్రం మా ఊరికి ఆటో కట్టించుకుని వెళ్ళేంత దూరం. అతను దొడ్లోకి వెళ్ళాలన్నా నా భుజం పట్టుకోవాలి.

తర్వాత మెడ చూశాను. ముందురోజు నర్సమ్మ అంటించిన పట్టీ అలాగే ఉంది. పైన జుట్టు తడి, కింద చొక్కా తడి. పట్టీ పొడిగా ఉంది. అంచు కూడా లేవలేదు.

"ఏటి మావా ఇది? ఎవులొచ్చినారు?"

"ముంచినారే."

"ఎవులు?"

"నీల్లలో ఉంటే మొకమేటి కనిపిత్తాదే, పిచ్చిదానా."

చిన్న గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. జబ్బు పడ్డాక మొదటిసారి వద్దని చేత్తో తోసేశాడు. "దాహం నేదు" అన్నాడు.

నీలమ్మ వదిన పగలంతా అరుగు మీదే కూర్చుని చింతపండు గింజలు తీసింది. "నీ తాళం మీద ఈగ వాలనేదే" అంది. బిందె మూత తీసి చూశాను. పొద్దున్న పెట్టినంతా ఉంది. ఆమె కూడా వచ్చి చొక్కా పట్టుకుని చూసింది, ఇసుక చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను బట్టలు మార్చి, చొక్కా దండెం మీద వేశాను.

తెల్లవారేసరికి అతనిలో ఊపిరి లేదు.

ఆ చొక్కా పట్టుకునే పెద్దల దగ్గరికి వెళ్ళాను. "ఎవులిచ్చినారమ్మా బాప్తిస్మం? సాచ్చి ఏదీ?" అన్నారు. నీలమ్మ వదిన చూసిందంటే, ఆమె విశ్వాసురాలు కాదు కదా అన్నారు. కంచెకి బయట, మేకలు తిరిగే ఇసుకలో గొయ్యి తీశారు. పాస్టర్ గారు కంచె లోపల నిలబడి, ముళ్ళతీగ మీదుగా ఇటు చెయ్యి చాపి ప్రార్థన చేశారు.

ఎన్ని విధాలుగానో ఆలోచించాను. ఎవరైనా తాళం తీశారనుకుంటే, మనిషిని సముద్రానికి మోసుకెళ్ళి తెస్తుంటే వీధి చూడదా? ఇంట్లోనే ఉప్పునీళ్ళు పోసుకున్నాడంటే, నీళ్ళేవి? ఇసుకేది? ఆ పట్టీ ఎలా తడవలేదు? దేవుడే అనుకుందామంటే నాకు కోపం వస్తుంది. తాళం వేసిన ఇంట్లోకి రాగలిగినవాడికి ఒక్క కిడ్నీ తేవడం కష్టమా? ఆ కంచె దాటించడం కష్టమా? నాకు తెలియదు. ఇప్పుడు నాకూ అదే చిన్న గ్లాసు, అదే దాహం. తలుపు మాత్రం గడియ పెట్టుకోవడం మానేశాను. ఎవరి కోసమని అడిగితే చెప్పలేను.

పాతిపెట్టిన మరునాడు పొద్దున్నే ఒక ఆడమనిషి మా గుమ్మంలో నిలబడి ఉంది. పక్క ఊరామె, ఎప్పుడూ చూడలేదు. "తప్పుగా అనుకోకక్కా. పలాసలో మీ ఆయన మిషను మంచం కాళీ అయినాదని ఆస్పత్రి ఆటో అబ్బాయి సెప్పినాడు. ఇంకెవులికైనా మాటిచ్చీసినారేటి?" అంది. ఫోను మోగినప్పుడు అతని కళ్ళల్లో ఉండేదే ఆమె కళ్ళల్లో ఉంది. నేను తిట్టలేదు. ఆమెతో పలాస వెళ్ళి నర్సమ్మకి చెప్పాను. అతను పడుకునే మంచం మీదే ఆమె భర్తని పడుకోబెట్టారు.

తిరిగి వచ్చేసరికి సంఘ పెద్ద ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ చొక్కా అద్భుతమని ఆదివారం కూడికలో చూపించాలట, పాస్టర్ గారు పట్టుకు రమ్మన్నారట. కూర్చోండి అన్నాను. దండెం మీంచి చొక్కా తీసి వీధి కొళాయి దగ్గరికి పట్టుకెళ్ళి, ఆయన చూస్తుండగానే సబ్బు పెట్టి ఉతికాను. పిండేముందు అంచు నాలుకకి తాకించి చూశాను.

ఉప్పగానే ఉంది. మళ్ళీ ఉతికాను.