ఊరుకోని చేతులు

ఆయమ్మ చేతులకు ఊరుకోవడం రాదు. బస్సులో పక్కవాళ్ల బిడ్డకు ముక్కు తుడిచేస్తుంది. ఇంట్లో అల్లుడి చొక్కాకు గుండీలు పెట్టబోయి కూతురి చేత చీవాట్లు తింటుంది. అలాంటి మనిషికి, పిల్లల పనుల్లో చేయి పెట్టకూడని చోట ఉద్యోగం దొరికింది. దేవుడికి వెటకారం ఎక్కువే.

ఆ పిల్లల కేంద్రంలో ఉయ్యాలలు లేవు. నెలల పిల్లలకు నేలమీదే పరుపులు, గోడకు కింది నుంచే అద్దం, పాకుతూ అందుకునేంత ఎత్తులో బొమ్మలు. చదువు పలకతో కాదు, పుట్టిన రోజే మొదలవుతుందంటుంది దాన్ని నడిపే మేడం. బిడ్డ చేసుకోగలిగిన పని బిడ్డకే వదిలేయాలి. మనం పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

"కూర్చుని చూడ్డానికి జీతమా?" అని ఆయమ్మ మొదట నవ్వింది. అంట్లు తోమడమే నయమని తర్వాత తెలిసింది.

మొన్న ఒక పాప బోర్లా పడుకుని గిలక్కాయ కోసం ఎంతసేపటి నుంచో పాకుతోంది. వేళ్లు తగలబోతున్నాయి. ఆయమ్మ ఉండబట్టలేక తీసి చేతిలో పెట్టింది. పాప దాన్ని విసిరికొట్టి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"అది గెలవబోయే ఆట చెడగొట్టావు కదా ఆయమ్మా," అంది మేడం. "ఇంకోసారి ఇలా చేస్తే నిన్ను వంటింట్లోకి మారుస్తా."

ఆ మాట ముల్లులా దిగింది. సొంత పిల్లలు పాకే రోజుల్లో ఆమె ఎవరిళ్లలోనో గిన్నెలు తోముతుండేది. వాళ్ల మొదటి అడుగులు పొరుగింటావిడ చెబితే విన్నదే. మళ్లీ వంటింట్లో పడితే వీళ్ల అడుగులూ వినడమే అవుతుంది.

ఇవాళ బుడంకాయ చెక్కమెట్టు ఎక్కే పనిలో ఉన్నాడు. బొద్దుగా ఉంటాడని ఆమె పెట్టిన పేరది. మోకాలు పైకి, పొట్ట అడ్డం, జర్రున కిందికి. కింద పరుపుంది, దెబ్బేం తగలదు. కానీ వాడు మూలిగినప్పుడల్లా ఆమె చేతులు చాచబోతోంది. గోళ్లు కొరికింది. లేచింది, కూర్చుంది. చేతులు చంకల్లో ఇరికించుకుంది.

అప్పుడే గుమ్మంలోకి వాడి తల్లి వచ్చింది.

"వాడంత అవస్థ పడుతుంటే సినిమా చూసినట్టు చూస్తావేంటి? చేతులు పడిపోయాయా?"

"పడిపోయినా బాగుండేదమ్మా!"

"ముందు ఎత్తుకో! లేదంటే మేడంతో చెప్తా!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లి తనే ఎత్తుకోబోయి వంగింది. ఆయమ్మ ఒక్క ఉదుటున వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఏంటిది? వదులు!"

"వదలను. మీరూ నా చేతులు గట్టిగా పట్టుకోండమ్మా. ఎక్కడ ఎత్తేసుకుంటానోనని చచ్చిపోతున్నాను. దణ్ణం పెడదామన్నా చేతులు ఖాళీ లేవు."

తల్లికి తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఈలోగా బుడంకాయ మళ్లీ జారాడు. ఇద్దరూ ఒకేసారి "అయ్యో!" అని ఒకరి వేళ్లు ఒకరు నలిపేసుకున్నారు. వాడు ఇటు చూడనైనా చూడలేదు. ఈసారి మోకాలు మానేసి పాదం వేశాడు. పొట్ట పైకి చేరింది. రెండో కాలు గాల్లో తన్నుకుని, తన్నుకుని, అదీ ఎక్కింది.

ఎక్కినవాడు కుదురుగా కూర్చుంటాడా? అటు తిరిగి, తలకిందులుగా దిగడానికి తయారయ్యాడు.

"వదలకు ఆయమ్మా," అంది తల్లి, ఆమె వేళ్లు ఇంకాస్త బిగించి.