ధైర్యానికి ఒక గడి

లైప్‌జిగ్‌లో నా మొదటి ఉద్యోగం ఆటలు చూడటం. ఎవరికి చెప్పినా అదృష్టవంతురాలివి అనేవారు. మాస్టర్స్ అయ్యాక చాలాకాలం దరఖాస్తులు పెడుతూ పోతే, చివరికి పిలిచింది ఒక చిన్న కంపెనీ. అమెరికాలో కాలేజీ కుర్రాళ్లు ఆడే ఫుట్‌బాల్ వీడియోలు చూసి, ఎవరు ప్రొఫెషనల్ జట్లకు పనికొస్తారో అంచనా కట్టి అక్కడి క్లయింట్‌కి పంపడం వాళ్ల పని. నేను చదివింది డేటా సైన్స్ కాబట్టి మోడల్ కట్టడానికి తీసుకుంటున్నామన్నారు. చేరాక, మోడల్‌కి ముందు మనిషి కళ్లు కావాలన్నారు. అలా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెర ముందు కూర్చోవడం మొదలైంది.

కరీంనగర్‌లో పెరిగిన నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. ఇది చేత్తో విసిరేది. బంతి కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. ఒకడు వెనక నిలబడి విసురుతాడు. దూరంగా పరుగెత్తి దాన్ని అందుకోవాల్సినవాడు రిసీవర్. అందుకోకుండా చెయ్యడానికి ఒకడు వెంటపడతాడు, అందుకున్నాక కింద పడేయడానికి ఇంకొందరు కాచుకుని ఉంటారు. నాకు అప్పజెప్పింది రిసీవర్లను. ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి ఎవరు మేలో చెప్పాలి.

పని నేర్పింది నాకంటే ముందు చేరిన ఒక తెలుగాయన, అన్నా అని పిలిచేదాన్ని. ఆయనది విజయవాడ దగ్గర. బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద భార్యతో, అక్కడ కిటా అనే బాలబడికి వెళ్లే కూతురితో ఆ ఊళ్లో ఎప్పటినుంచో ఉంటున్నాడు. ప్రతి జంటనూ మేమిద్దరం విడివిడిగా చూసి మార్కులు వేయాలి. మార్కులు కలవకపోతే పక్కపక్కన కూర్చుని తేల్చుకోవాలి. ఇద్దరం ఒప్పుకున్నదే రిపోర్టు. డ్రాఫ్ట్ అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. ఏటా వసంతంలో ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఏరుకుంటాయట. ఏరుకునేది జట్టే. ఫలానా ఊరికి పోనని ఆటగాడు అనడానికి లేదట.

"మన లెక్కనే ఉన్నది గదన్నా," అన్నాను.

ఆయన నవ్వలేదు. నా పరిస్థితి ఆయనకు తెలుసు. స్టూడెంట్ వీసా గడువు అయిపోయి, బ్లూ కార్డుకి దరఖాస్తు పెట్టి, మధ్యలో ఇచ్చే తాత్కాలిక కాగితం మీద ఉన్నాను. ఆ దరఖాస్తు ఈ కంపెనీ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. మానేస్తే మళ్లీ మొదటికి రావాలి. ఆ కాగితంతో దేశం దాటితే తిరిగి రానిస్తారన్న భరోసా లేదని తెలిసినవాళ్లంతా భయపెట్టారు. చెల్లి కూతురి బారసాల నేను ఫోన్‌లోనే చూశాను. ఎవరో ఫోన్‌ని అరటిపళ్ల అత్తానికి ఆనించి మరిచిపోయారు. ఫంక్షన్ అంతా నాకు ఒక స్తంభమూ, అటూ ఇటూ పోయే మోచేతులూ కనిపించాయి. ట్రామ్‌లో మనవాళ్లు ఎదురైతే బాగున్నావా అనేవారు కాదు. "టెర్మిన్ దొరికిందా?" అనేవారు. టెర్మిన్ అంటే వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్.

ఆ చలికాలం మా ముందుకు ఒక జంట వచ్చింది. పేర్లు తీసేసిన వీడియోలు కనుక మాకు జెర్సీ రంగులే ఆనవాలు. ఎర్ర జెర్సీ అతను పెద్ద యూనివర్సిటీవాడు. పొడుగు. వెంటపడినవాడి తల మీదుగా చెయ్యి పెట్టి బంతిని తెంపుకొచ్చేవాడు. అయితే సులువైనవి వదిలేసేవాడు. బంతి తన వైపు రాదని తెలిస్తే నడక మొదలెట్టేవాడు. తెల్ల జెర్సీ అతను పేరులేని చిన్న కాలేజీవాడు, పొట్టి. కానీ మలుపు తిరిగితే కత్తితో కోసినట్టు తిరిగేవాడు. బంతి రాదని తెలిసినా చివరిదాకా పరుగెత్తేవాడు. వీడియో ఆపి వెనక్కి తిప్పి, అతని పాదాలనే చూస్తూ ఉండిపోయేదాన్ని. ఆట అర్థమైంది ఆ పాదాల వల్లే.

అన్న మొగ్గు పొడుగతని వైపు. "మలుపులు నేర్పొచ్చమ్మా. బంతి వదిలేయకుండా పట్టడం నేర్పొచ్చు. ఎత్తు ఎక్కడినుంచి తెస్తారు?" అనేవాడు. వెంటపడ్డవాడు అంటుకుని ఉన్నా బంతి అందుకునేవాడికే పై ఆటలో విలువట. నేను పొట్టి అతని చుట్టూ ఎప్పుడూ జాగా ఉంటుందనీ, అసలు ఎవరూ అంటుకోలేనప్పుడు ఎత్తుతో పనేముందనీ వాదించేదాన్ని. ఆ గదిలో రోజు మొత్తంలో నాకు ప్రాణం లేచొచ్చేది ఆ వాదనల్లోనే.

తరవాత ఒకరోజు ఆ దెబ్బ కనిపించింది. సీజన్ మధ్యలో ఒక ఆట. పొట్టి అతను మైదానం నడిమికి అడ్డంగా పరుగెత్తి బంతి అందుకున్నాడు. అవతలివాడు ఎదురుగా వచ్చి గుద్దాడు. పొట్టి అతను పడి, కాసేపటికి లేచి, నడిచాడు. కానీ నడిచింది ఎదుటి జట్టు బెంచీ వైపు. అతని జట్టువాడొకడు వెనకాలే వచ్చి మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పాడు. కొంచెంసేపటికి మళ్లీ ఆటలోనే ఉన్నాడు.

తరవాతి ఆటలన్నీ వరసపెట్టి చూశాను. మైదానం అంచున పాదాలు ఎప్పటిలాగే ఉన్నాయి. నడిమికి వచ్చిన బంతులకు మాత్రం చేతులు పూర్తిగా చాచడం లేదు. మోచేతులు పక్కటెముకలకు అంటుకుపోతున్నాయి. బంతి వేళ్ల ముందునుంచి పోతోంది.

క్లయింట్ ఇచ్చిన పట్టికలో దీనికి ఒక గడి ఉంది. దాని పేరు ధైర్యం. అందులో అంకె మాత్రమే వేయాలి.

ఏ అంకె వేయాలో తెలియక ఆ వారం అంతా దాన్ని ఖాళీగా ఉంచాను. ఆదివారం మా మేనేజర్ అందరినీ పార్కుకి పిలిచాడు. ఆయన అక్కడి ఔత్సాహికుల జట్టులో ఆడేవాడు. మనిషి నెమ్మది, ఎవరినీ మాట అనడు. ఆఫీసులో నిత్యం చూసే ఆటను ఒకసారి చేత్తో పట్టి చూడండి అన్నాడు. అన్న వదిననూ కూతుర్నీ కూడా తీసుకొచ్చాడు. నేను అంతకుముందెప్పుడూ ఆ బంతిని తాకలేదు. మేనేజర్ నెమ్మదిగా విసిరితే మొదటిది వేళ్లకు తగిలి కింద పడింది. వేళ్లు చురుక్కుమన్నాయి. రెండోది ఒడిలో పట్టాను. పాప చప్పట్లు కొట్టి "నోహ్ మాల్!" అని అరిచింది. ఇంకోసారి వెయ్యమంటోంది, ఏదీ తెలుగులో అనదు అని వదిన విసుక్కుంది.

తరవాతి బంతి వచ్చేటప్పుడు జట్టులోని భారీ మనిషి ఒకతను సరదాగా నా మీదికి పరుగెత్తుకొచ్చాడు. తాకాలని కాదు, పక్కనుంచి దాటిపోయాడు. నాకు అది ముందే తెలుసు. అయినా కళ్లు మూసుకుపోయాయి, చేతులు వాటంతటవే ఒంటికి ముడుచుకున్నాయి. బంతి ఎటు పోయిందో చూడలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లేదారిలో మాత్రం ఆ గడి పేరు తలుచుకుంటే ఒళ్లు మండింది. నా చేతులు నన్ను అడిగి ముడుచుకోలేదు.

సోమవారం మేనేజర్‌కి ఆ క్లిప్ చూపించాను. అతనికి తలకు దెబ్బ తగిలిందని, అలాగే తిరిగి ఆడించారని, దీన్ని పిరికితనంగా లెక్కగట్టకూడదని చెప్పాను. ఆయన రెండుసార్లు చూశాడు. మనం డాక్టర్లం కాదన్నాడు. తలకు దెబ్బ అని రాస్తే ఆ కుర్రాడి బతుకు మీద రాసినట్టే, రుజువు లేకుండా రాయలేం, గడి అంకె అడుగుతోంది, అంకె వేయండి అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. తక్కువ అంకె వేస్తే అతను పిరికివాడవుతాడు. ఎక్కువ వేస్తే నేను చూసింది దాచినట్టవుతుంది, పైగా అతన్ని మళ్లీ ఆ నడిమికే తోసినట్టు. ఉన్నది రాస్తే అతనికి ఎక్కడా చోటు ఉండకపోవచ్చు.

లేచి వస్తుంటే ఆయన గుర్తు చేశాడు. టెర్మిన్‌కి నేను పట్టుకెళ్లాల్సిన కాగితం మీద కంపెనీ సంతకం కావాలి కదా, తను గురువారం ఆఫీసుకి వస్తాడు, అప్పటికి ఈ రిపోర్టు కూడా అయిపోతే రెండూ ఒకేసారి చూసేద్దాం అన్నాడు. అది బెదిరింపు కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నా సీట్లో కూర్చున్నాక ఆ తాత్కాలిక కాగితం తీసి గడువు తేదీ మళ్లీ చూసుకున్నాను.

మధ్యాహ్నం అన్నకు అంతా చెప్పాను. ఆయన డబ్బా తెరిచి పులిహోర తింటూ విన్నాడు.

"తక్కువేసి పంపెయ్యమ్మా," అన్నాడు చివరికి. "నీ టెర్మిన్ అయిపోనీ. వాడెవడో, ఎక్కడో. మనం వేసే అంకె మీదే ఆగిపోయిందా వాడి జీవితం?"

"మరి నా అంకె మీద ఏం ఆగకపోతే, నన్నెందుకు కూసోబెట్టిన్రన్నా ఇక్కడ?"

ఆయన డబ్బా మూత పెట్టేశాడు. నాకూ ఇక తినబుద్ధి కాలేదు.

బుధవారం మార్కులు తేల్చుకోవడానికి పక్కపక్కన కూర్చున్నాం. నేను ఆ గడిలో ఒక అంకెకు బదులు రెండు వేశాను, దెబ్బకు ముందు ఒకటి, తరవాత ఒకటి. కింద ఖాళీలో నేను చూసింది మాత్రమే రాశాను. ఈ ఆటలో ఈ గుద్దు తరవాత ఇతను ఎదుటి జట్టు బెంచీ వైపు నడిచాడు, తోటి ఆటగాడు వెనక్కి తెచ్చాడు, కొద్దిసేపటికి మళ్లీ ఆడాడు, అప్పటినుంచి నడిమి బంతులకు చేతులు చాచడం లేదు. జబ్బు పేరేదీ రాయలేదు.

అన్న ఆ క్లిప్ అప్పటిదాకా సరిగ్గా చూడలేదట. ఇప్పుడు చూశాడు. పొట్టి అతను తప్పు వైపు నడుస్తున్నచోట ఆపాడు. హెల్మెట్‌లోంచి ముఖం సగం కనిపిస్తోంది. ఎవరో పిలిస్తే వెతుక్కుంటున్నట్టు ఉంది.

"మా బామ్మర్ది బండి మీంచి పడ్డప్పుడు ఇట్టాగే చేశాడు," అన్నాడు. "ఇల్లు వదిలేసి పక్కింట్లోకెళ్లి కూర్చున్నాడు. వాళ్లని మంచినీళ్లడిగాడు."

బామ్మర్దికి తరవాత ఏమైందో చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన తన మార్కుల పట్టిక తెరిచి, ఆ గడిలో తను వేసిన అంకె తీసేసి, నావి రెండూ వేశాడు. నేను రాసిన వాక్యాలు చదివి కింద తన పేరు చేర్చాడు.

"అన్నా, మీ కార్డు రెన్యువల్ గూడ ఉన్నది గద."

"ఉంటే ఉందిలే. ఇద్దరం ఒప్పుకుంటే పంపాల్సిందేగా. రూల్ నేను పెట్టలేదు."

గురువారం మేనేజర్ రిపోర్టు చదువుతున్నంతసేపూ నేను గోడ మీది గడియారం కింద నిలబడ్డాను. చదవడం అయ్యాక మీరు చూసిందే రాశారు అన్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా పంపేశాడు. నా కాగితం మీద సంతకం చేసి, గుడ్ లక్ అని చేతిలో పెట్టాడు. ఆయన ముఖంలో కోపం వెతికాను, కనపడలేదు. అప్పటిదాకా నేను భయపడింది ఎవరికో నాకు తెలియలేదు.

టెర్మిన్ తొందరగానే అయిపోయింది. వేలిముద్రలు తీసుకుని, కార్డు ఇంటికి వస్తుందన్నారు.

డ్రాఫ్ట్ ఫలితాలు ఏప్రిల్‌లో, ఆఫీసుకి పోతూ ట్రామ్‌లో చూశాను. పొడుగతన్ని ముందు వంతుల్లోనే ఒక జట్టు ఎంచుకుంది. ఆ ఆటల గురించి నెట్‌లో వెతికితే ఇద్దరి పేర్లూ నాకు అంతకుముందే తెలిశాయి. రెండో పేరు కోసం చివరిదాకా కిందికి జరుపుతూ పోయాను. ఏ వంతులోనూ లేదు. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. తరవాతి స్టాప్‌లో దిగి వెనక్కి నడిచాను. మా రిపోర్టు వల్లే అనుకోవడానికి ఆధారం లేదు. కాదనుకోవడానికీ లేదు. క్లయింట్ దగ్గర మావంటి రిపోర్టులు ఎన్నుంటాయో మాకు తెలియదు.

అన్న నా ముఖం చూసి అడగకుండానే గ్రహించాడు. "పొట్టివాణ్ని అంత పైకి ఎవరూ తీసుకోరమ్మా, నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అన్నాడు. అది ఓదార్పో, పాత వాదనో తేలక ఇద్దరం పనిలో పడ్డాం.

ఎండాకాలంలో అతని కాలేజీ వెబ్‌సైటులో ఒక ఫోటో చూశాను. ఏదో హైస్కూల్లో పిల్లలకు ఆట నేర్పే పనిలో చేరాడని కింద రాశారు. ఎందుకు ఆడటం మానేశాడో రాయలేదు. ఈల మెళ్లో వేసుకుని, పిల్లల మధ్య నిలబడి, ఎండకు కళ్లు చికిలించి ఉన్నాడు. సంతోషంగా ఉన్నాడా అని చాలాసేపు చూశాను. ఫోటోలో అంతకంటే తెలియలేదు. నా మూలంగా అతనికి ఒక తలుపు మూసుకుపోయి ఉంటే, దాని వెనక ఏముండేదో మా ఇద్దరికీ తెలియదు.

నా కార్డు వచ్చింది. దానితోపాటు ఒక పచ్చ కాగితం వచ్చింది. అందులో కంపెనీ పేరు అచ్చయి ఉంది. మొదటి ఏడాది కంపెనీ మారాలంటే మళ్లీ ఆ వీసా ఆఫీసుకి చెప్పుకోవాలి. కరీంనగర్ వెళ్లి చెల్లి కూతుర్ని ఎత్తుకున్నాను. అది నన్ను చూసి ఏడ్చింది. సెలవు అయిపోగానే తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను. ధైర్యం గడి పేరు మార్చమని మేనేజర్‌ని అడిగితే, పట్టిక క్లయింట్‌ది, మన చేతుల్లో లేదన్నాడు. అడిగి చూస్తానని మాత్రం అన్నాడు.

శరదృతువులో కొత్త రిసీవర్ల వీడియోలు వచ్చిన రోజే మా కిటికీ షట్టర్ పైకి ఇరుక్కుపోయింది. ఎండ నేరుగా తెరల మీద పడి ఎవరికీ ఏమీ కనిపించలేదు. బిల్డింగు మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్‌కి వచ్చే వారం దాకా టెర్మిన్ లేదట. అన్న తన కోటు తీసి కిటికీకి కట్టబోయి, మళ్లీ ఎందుకో ఆగి, అక్కడే నిలబడి బయటికి చూశాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. ఎదురుగా ట్రామ్ డిపో, దాని మీద గుంపుగా పావురాలు. కాసేపయ్యాక ఆయన కోటు కట్టాడు. గది మళ్లీ చీకటయింది. నేను మొదటి వీడియో తెరిచాను.