ఎర్రరంగు గొర్రెలు, ఒక హాస్టల్ మంచం

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది నేను ప్రొద్దుటూరులో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ని. ప్రభుత్వ సాయంతో ఒక ట్రస్టు కట్టిన హాస్టల్ అది. ఆ సాయానికి ఒక షరతుంది. సగం మంచాలు ‘ఇన్‌కమ్ లిమిట్’కు, అంటే ప్రభుత్వం పెట్టిన ఆదాయ పరిమితికి లోపలున్న ఇళ్ల పిల్లలకే తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఎవరి సిఫారసు తెచ్చినా సరే, పరిమితి దాటితే మంచం లేదు. ఆ విషయంలో నేను మొండిదాన్నని అందరికీ తెలుసు.

లింగాల నుంచి లావణ్య డిగ్రీలో చేరడానికి వచ్చింది. తండ్రి ఓబులేసు గొర్రెలు మేపుతాడు. ఈ మంచం దొరక్కపోతే ఆ పిల్ల చదువు ఆగిపోయినట్టే. మంచాలు ఎవరికివ్వాలో తేల్చే మా హాస్టల్ కమిటీలో ఉన్న బట్టల వ్యాపారి అడ్డం తిరిగాడు.

“ఆయప్ప మందను జమ్మలమడుగు రోడ్డులో నా కండ్లతో చూసినా. అది దాటేదాకా కారు నిలిపి శానాసేపు కూచున్నా. ఎవరిదని అడిగితే ఓబులేసుదన్నారు. అట్లాంటోడు పేదోడేందమ్మా?”

నాకూ అనుమానం వచ్చింది. ‘ఫీల్డ్ వెరిఫికేషన్’ చేస్తానన్నాను. అంటే స్వయంగా పోయి చూసి రావడం.

మరుసటి రోజు జమ్మలమడుగు దగ్గర కోతలయిన చేలో ఓబులేసు దొరికాడు. చేను నిండా గొర్రెలే.

“ఇవన్నీ నీవేనా అన్నా?”

“యాడివి మేడం! చెవి కోసిండేటివి నాయి. వీపున రంగుండేటివి ఆసాములవి. మేపినందుకు పుట్టిన పిల్లల్లో సగం నాకిస్తారు.”

చెవి కోసినవి వెతికితే అక్కడొకటి, ఇక్కడొకటి కనిపించాయి. ఎక్కువ గొర్రెల వీపున ఎర్రరంగే ఉంది.

“ఈ ఎర్రరంగు ఎవరిది?”

“మీ కమిటీలో ఉండే బట్టలంగడాయనదే. పులివెందులలో ఆయన బామ్మర్ది కొని నాకు తోలినాడు. ఆయప్ప యానాడూ మందకాడికి రాల్యా.”

నాకు నవ్వాగలేదు. కమిటీ కూర్చున్నప్పుడు ఈ మాట చెబితే వ్యాపారి నమ్మలేదు. అక్కడే బామ్మర్దికి ఫోన్ చేశాడు. ఆ ఎర్రరంగువి మనవేనని బామ్మర్ది చెప్పాడు.

“నా గొర్రెల్నే చూసి ఆయప్ప ఆస్తి అనుకుంటినే! మంచం ఆ పిల్లకే ఇయ్యండమ్మా,” అంటూ తనే పగలబడి నవ్వాడు.

పరిమితి దాటినవాళ్లను ఆపడం నాకు ముందే వచ్చు. లోపలున్నవాళ్లను చేజార్చుకోకపోవడం కూడా ఆ షరతులో సగమని ఆ చేలో నేర్చుకున్నాను.

లావణ్య డిగ్రీ పూర్తి చేసింది. గది ఖాళీ చేసే రోజు ఓబులేసు పెట్టె మోయడానికి వచ్చి, కూతురి మంచం మీద ఒకసారి కూర్చుని చూశాడు.

“గట్టి మంచమే మేడం,” అన్నాడు.

నా ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.