పదమూడో పేరు

రాష్ట్ర బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండు మందే ఉంటారు. ఆ ఏడు పదమూడో పేరు నాదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

లింగంపల్లిలో మా కోచ్ మేడం ఏం అడిగినా ముందు బంతిని బొటనవేలితో నొక్కి, గాలి చూసి, అప్పుడు జవాబిచ్చేవారు. తెలంగాణ బంద్ రోజున కూడా కోర్టుకు వచ్చారు.

"ఫెడరేషనోళ్లు రాష్ట్రానికి ఒక్క టీమునే తీసుకుంటరు. రెండు రాష్ట్రాలైతే రెండు టీములు. ఇంకో పన్నెండు మంది పిల్లలు ఆడుతరు," అన్నారు.

మాది భీమవరం వైపు. "మరి నేను ఎటు ఆడాలండి?" అని మెల్లగా అడిగాను.

ఆమె చాలాసేపు బంతి నొక్కుతూనే ఉన్నారు. గాలి సరిగానే ఉంది.

వారం తిరక్కుండా ఆమెకు వరంగల్ బదిలీ అయింది. నాతో చివరిగా అన్నవి ఆనాటి మాటలే.

"ఏడ నేర్చుకున్నవో ఆడ్నే ఆడుతవ్. ఇగ పరేషాన్ గాకు, బాల్ పట్టు."