కంటి ఆపరేషన్‌కు తోడొచ్చిన మనిషి

నల్ల చీరకు నీలం దారంతో ఫాల్ కుట్టానని ఒకామె చీర తిరిగి తెచ్చినప్పుడు నేను ముందు ఒప్పుకోలేదు. చీరను గడప దాకా తీసుకెళ్లి ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాను. నా కంటికి చీర, దారం రెండూ ఒకే రంగులో ఉన్నాయి. ఆమె మంచి మనిషి, గొడవ పెట్టుకోలేదు. "జర మంచిగ సూడుండ్రి అక్కా, దారం నీలమున్నది" అని మెల్లగా అంది. ఆ దారం విప్పి మళ్లీ కుట్టడానికి ఎదురింటి కోడలిని పిలిచి, నల్ల రీలు ఏదో అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

నిజామాబాద్‌లో ఒక గల్లీలో చీరలకు ఫాల్, పీకో చేయడం నా పని. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి నా భర్త కొలువు పోయాక ఈ పట్నానికి వచ్చాం. ముందు గదిలో మిషన్, వెనక గదిలో కాపురం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మాకు పిల్లలు లేరు. చీరలు ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు తప్ప నా గడప తొక్కే మనిషి లేడు. రంగు గుర్తుపట్టలేకపోతే వాళ్లూ రారు. ఆ ఆలోచన వచ్చాకే కంటి ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరు చిన్న లైటు వేసి చూసి, "రెండు కండ్లల్ల మోతిబిందు, గదే శుక్లం, ఉన్నదమ్మా. కుడి దిక్కుది బాగ ముదిరింది" అన్నాడు.

"చుక్కల మందుతోని కరగదా సార్?"

"కరగది. కంట్ల పుట్టుకతోని ఒక అద్దం ఉంటది. వయసు మీద పడ్డంక అది మసక పడ్తది. దాన్ని తీసేసి కొత్తది పెడ్తం. ముందు కుడిది చేద్దాం, రెండోది తర్వాత సూద్దాం."

షుగర్, బీపీ చూశారు. గడ్డం ఒక మిషన్ మీద ఆనించమని, ఏ నంబరు అద్దం పెట్టాలో కొలిచారు. ఇవన్నీ సులువుగానే అయిపోయాయి. చివర కౌంటర్ దగ్గర కూర్చున్న నర్సు అడిగింది.

"మీ ఎంబడి ఎవరచ్చిండ్రు?"

"ఎవ్వరు రాలే."

"ఆపరేషన్ నాడు తోడు లేకుంటే చెయ్యరమ్మా. కంటికి పట్టీ ఏస్తరు, ఒక్కదానివి ఇంటికెట్ల పోతవు? చుక్కలెవరు ఏస్తరు?"

బయటికొచ్చి వేల్పూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. "పసుపు ఉడకవెడుతున్నం అక్కా. కల్లం ఇడిసి కదిలేటట్టు లేదు. ఓ నెల ఆగరాదూ" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. ఫోన్లో ఆవిరి బుసలు, కూలీల కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. నేను సరే అని పెట్టేశాను. కానీ నెల తర్వాత మక్కజొన్న కోతలుంటాయి, ఆ తర్వాత నార్లుంటాయి. రైతు ఇంట్లో తీరిక నెల అని ఒకటి ఉండదు.

బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దామె ఉంది. ముఖం నాకు సరిగా ఆనలేదు గానీ ఆమె దగ్గర్నుంచి పొగాకు వాసన వస్తోంది. బీడీలు చేసే మనిషని ఆ వాసనతోనే తెలిసింది. నా ఫోన్ మాటలన్నీ విన్నట్టుంది.

"నాది గూడ గదే కథ చెల్లె" అంది. "నా బిడ్డ బొంబాయి దిక్కు భివండిల ఉంటది. అల్లుడు మగ్గాల కాడ పని. వస్తం వస్తం అంటరు, రారు. నన్ను గూడ తోడు తెచ్చుకోమని రెండు మాట్ల తిప్పి పంపిండ్రు."

తర్వాత ఆమె నా మోచేయి పట్టుకుని, "ఓ పని జేద్దాం. నీ కన్నుకు నేనొస్త, నా కన్నుకు నువ్వు రా" అంది.

నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, ఆమె లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి, "గామెకు నేను అక్కను. నేనే తోడుంట, తారీఖు రాయుండ్రి" అని చెప్పేసింది. నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి రాసుకుంది.

ఆపరేషన్ రోజు ఆమె బోధన్ అవతల ఉన్న తన పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చింది. నేను తెల్లవారే తలస్నానం చేశాను. ఆ తర్వాత చాలా రోజుల పాటు తల మీద నీళ్లు పోసుకోవద్దని చెప్పారు. ఆసుపత్రిలో నాలాంటి వాళ్లం కొందరిని వరసగా కూర్చోబెట్టి తలకు టోపీలు పెట్టారు. ఏ కంటికి చేయాలో తెలియడానికి కనుబొమ్మ పైన గుర్తు పెట్టారు. చుక్కలు వేశారు, కాసేపాగి మళ్లీ వేశారు. కంటిపాప పెద్దదవుతున్న కొద్దీ ఎదురుగా ఉన్న కిటికీ వెలుతురు ముద్దలా కరిగిపోయింది. ఒక ముసలాయన "నొప్పి లేస్తదా?" అని అందరినీ అడుగుతున్నాడు. ఎవరికీ తెలియదు గనక ఎవరూ చెప్పలేదు.

నొప్పి లేవలేదు. ఇప్పుడు ఎవరడిగినా అదే చెబుతాను. మొద్దుబారే చుక్కలు వేసి, ముఖం మీద గుడ్డ కప్పి, ఆ కన్ను ఒక్కటే బయటికి ఉంచారు. రెప్ప పడకుండా ఏదో బిగించారు. "లైటు దిక్కే సూడుండ్రి, తలకాయ కదలనీయకుండ్రి" అన్నాడు డాక్టరు. పైన తెల్లని వెలుగులు. అవి గులాబీ రంగయ్యాయి, నీలమయ్యాయి. కంటి మీద చల్లటి నీళ్లు పారుతున్నట్టు, ఎవరో మెత్తగా వేలితో అదిమినట్టు ఉంది, అంతే. దగ్గొస్తే ముందే చెప్పమన్నారు. నాకు దగ్గు రాలేదు గానీ ఆ గుడ్డ కింద ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. భయంతో కాదు. చాలా ఏళ్ల తర్వాత నా మీదికి ఒకరు అంత దగ్గరగా వంగి చూస్తున్నారు. ఏడిస్తే కన్ను కదులుతుందని గట్టిగా ఆపుకున్నాను. ఒక చీరకు ఫాల్ కుట్టేంత సేపు కూడా పట్టలేదు.

బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టగానే ఒక చేయి నా చేయి పట్టుకుంది. తునికాకు కత్తిరించి కత్తిరించి గరుకెక్కిన చేయి.

"అయిపోయింది చెల్లె. లే, చాయ్ తాగుదువు."

ఆటోలో ఆమె నన్ను భుజానికి ఆనించుకుని, "మెల్లగ పో నాయనా, గుంతలల్ల ఎగిరేస్తే కొత్త అద్దం ఊసిపడ్తది" అని డ్రైవర్‌ను భయపెట్టింది. అలా ఏమీ ఊడదని నర్సు ముందే చెప్పింది. అయినా ఆటోవాడు ఇంటిదాకా మెల్లగానే తీసుకెళ్లాడు.

ఆ రోజు ఆమె నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పొగ తగలొద్దు, ముందుకు వంగొద్దు, బరువెత్తొద్దు, కన్ను నలపొద్దు, ఆపరేషన్ అయిన వైపు పడుకోవద్దు. నర్సు చెప్పినవన్నీ ఆమె నాకు తిరిగి తిరిగి చెప్పింది. మత్తు దిగాక కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడింది, నీళ్లు కారాయి. అది మామూలేనట. నొప్పి ఎక్కువైనా, కన్ను బాగా ఎర్రబడినా, చూపు తగ్గినా ఆగకుండా రమ్మన్నారు.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో పట్టీ తీశారు. ముందు అంతా పొగమంచులా ఉంది. రెప్పలు ఆడించగా ఆడించగా గోడ తెల్లబడింది. అంత తెలుపు చూసి ఎన్నేళ్లయిందో. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూస్తే తెలుపు, కుడిది మూసి ఎడమ కంటితో చూస్తే అదే గోడ పాత కాగితంలా పసుపు. ఇన్నాళ్లూ నేను ఆ పసుపులోనే బతికానన్నమాట.

పక్కకు తిరిగి ఆమె ముఖం మొదటిసారి చూశాను. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. బుగ్గల మీద అమ్మవారు పోసిన గుంటలు. నేననుకున్న దానికంటే చాలా పెద్దది.

"ఏంది, గట్ల సూస్తున్నవ్? ముసలిదాన్నే గదా?" అంది.

"లేదక్కా, మంచిగున్నవ్" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె కొన్నాళ్లు ఉండిపోయింది. చుక్కలు వేయడానికి సబ్బుతో చేతులు కడుక్కుని, నా నుదురు మీద మణికట్టు ఆనించి, కింది రెప్ప లాగేది. ఆమెకూ చూపు సరిగా ఆనదు గదా, ఒకటి కంట్లో పడితే ఒకటి చెంప మీద పడేది. "గీ సీసను గూడ సరిగ్గ చేస్తలేరు" అని సీసాను తిట్టేది. నవ్వితే కన్ను లాగుతుందేమోనని నేను పెదాలు బిగబట్టేదాన్ని. మధ్యాహ్నాలు చాట ముందేసుకుని బీడీలు చేసేది. పొగాకు దుమ్ము నా కంట్లో పడుతుందని గది బయట అరుగు మీద కూర్చుని, అక్కడి నుంచే కేక వేసి మాట్లాడేది. భర్త తాగి కొట్టిన సంగతి, బిడ్డ పుట్టినప్పుడు మంజీర వరద రావడం, పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చిన తన గేదె తెలివి. నేను లోపల నల్లద్దాలు పెట్టుకుని వెల్లకిలా పడుకుని "ఊ" కొట్టేదాన్ని.

ఆమె ఊరికి వెళ్లిపోయాక ఇల్లు నాకు అలవాటైన ఇల్లులా లేదు. అంతకుముందు కూడా ఒంటరిగానే ఉన్నాను, అప్పుడు నాకది అంతగా తెలియలేదు. ఇప్పుడు కుడి కంటికి అన్నీ కనిపిస్తున్నాయి. మూలల్లో బూజు, గిన్నెల అడుగున మసి, గోడ మీద ఆయన ఫొటో వెలిసిపోయి ఉండడం. చుక్కలు నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. పడుకుని, కళ్లు మూసి, ముక్కు పక్క మూలలో ఒక చుక్క వేసి, అప్పుడు కన్ను తెరవాలి. సగం చెవిలోకి పోయేది.

నన్ను తోడుగా రాయించి ఆమె ఆపరేషన్‌కూ తారీఖు తీసుకున్నాం, ఆ రోజు కోసం ఎదురు చూశాను. కొత్త దిండు కొన్నాను. పక్క ఉతికి ఆరేశాను. ఆ రోజు పొద్దున్నే జొన్నరొట్టెలు, తోటకూర చేసి డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను.

ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక పక్క బిడ్డ, ఇంకో పక్క అల్లుడు.

"రా చెల్లె, రా. సూడు, నా బిడ్డ అచ్చింది!" అంది. ఆ ముఖంలో వెలుగును నా కొత్త కంటితో స్పష్టంగా చూశాను.

బిడ్డ లేచి నమస్కారం పెట్టింది. "అవ్వ మీ గురించి శానా చెప్పింది చిన్నవ్వా. మీకు మస్తు తకలీఫ్ ఇచ్చినం."

"తకలీఫ్ ఏముందమ్మా."

లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. బిడ్డ వెళ్లింది. నేను హాల్లో కూర్చున్నాను. నేను ఉండాల్సిన అవసరం లేదు, వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను. పట్టీతో బయటికొచ్చాక ఆమె చేయి బిడ్డ పట్టుకుంది. నేను డబ్బా బిడ్డ చేతికిచ్చాను. రేపు పట్టీ తీసేదాకా ఇక్కడే తన వైపు బంధువుల ఇంట్లో ఉంటామని, కన్ను కుదురుకున్నాక భివండి తీసుకెళ్తామని అల్లుడు చెప్పాడు. ఆమె ఒంటి కంటితో నన్ను వెతికి, "మందులు మరువకు చెల్లె" అంది. ఆటో వెళ్లిపోయింది.

కొన్ని వారాలయ్యాక నా కంటికి మళ్లీ పరీక్ష చేసి, దగ్గరి చూపుకు అద్దాలు రాశారు. దూరం దానంతటదే కనిపిస్తుంది గానీ సూదిలో దారం ఎక్కించాలంటే అద్దాలు ఉండాలి. అద్దాలు తెచ్చుకున్న మర్నాడు దుకాణం మూసి బోధన్ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. చెరకు తోటలు తక్కువైపోయాయి, ఎటు చూసినా వరి. ఉన్న కొద్ది చెరకు అంత పచ్చగా ఉంటుందని మరిచిపోయాను. పొగ లేని ఫ్యాక్టరీ గొట్టం మాత్రం అలాగే ఉంది. ఆయన షిఫ్టు దిగి సైకిలు మీద వచ్చే తోవ గుర్తుపట్టాను.

పల్లెలో ఆమె ఇల్లు అడిగి వెళ్లాను. తలుపుకు తాళం. గేదెను అమ్మేశారట. పక్కింటామె నాకు చెంబుతో నీళ్లిచ్చి, "పోయినవారమే భివండి పోయిండ్రు. ఫోన్ చేసి అడగకపోయినవా?" అంది.

"సూసి పోదామని అచ్చిన" అన్నాను.

ఆమె కుర్చీ తెచ్చి వేసింది. కాసేపు కూర్చున్నాను. బస్సు వేళయిందని లేచాను.

తర్వాత బిడ్డ నంబరుకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తున్నాను. వెనక మగ్గాల చప్పుడులో ఆమె గొంతు సగమే వినిపిస్తుంది. "ఈడ కొట్లాటలు, గోడల మురికి అంత సాఫ్ కనవడ్తున్నది చెల్లె, కన్ను ఎందుకు చేయించుకున్ననో" అని నవ్వుతుంది. బిడ్డకు డ్యూటీ టైమవుతుంది, ఫోన్ పెట్టేస్తారు.

ఎడమ కన్ను వానాకాలంలో చేయించుకున్నాను. ఈసారి మరదలు వేల్పూరు నుంచి వచ్చింది. మంచిగానే చూసుకుంది, మర్నాడు పట్టీ తీయగానే నాట్లకు కూలీలు వస్తారని వెళ్లిపోయింది. చుక్కలు నేనే వేసుకున్నాను. అప్పటికి చేయి కుదిరింది, ఒక్కటీ వృథాగా పోలేదు.

ఇప్పుడు చీరలు తిరిగి రావడం లేదు. నలుపు నలుపుగా, నీలం నీలంగా తెలుస్తోంది. సాయంత్రం నాలుగింటికి వెలుతురు పడమటి కిటికీలోంచి దారాల అల్మారా మీద పడుతుంది. ఆ వేళ ఎవరూ రారు. మిషన్ ఆపి, రీళ్లను రంగుల ప్రకారం సర్దుతాను, సర్దినవే మళ్లీ సర్దుతాను.