ఐదడుగుల మొక్కలు, కుందేలంత జంతువు

తొంభైల నడుమ నేను కడియంలో ఒక నర్సరీలో లారీలకు మొక్కల జాబితాలు రాసేవాణ్ని. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. ఊరి గ్రంథాలయంలో అడవి జంతువుల మీద ఉన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివేశాను. అవి ఏదో ఒకరోజు పనికొస్తాయని గట్టిగా నమ్మాను. ఆ రోజు రానే వచ్చింది!

ఒక జూలో మూషిక జింకలకు కొత్త ఆవరణ కట్టారు. అందులో మొక్కలు నాటే పని టెండరులో దక్కించుకున్న కాంట్రాక్టరు మా నర్సరీకి వచ్చాడు. ఆయన తెచ్చిన కాగితంలో మొక్కల గురించి ఉన్నది ఒక్కటే ముక్క: ఐదడుగుల ఎత్తువి, రెండు వందలు.

మూషిక జింక అన్న పేరు చూడగానే నా ఒళ్లు పులకరించింది. కుందేలంత ఉంటుంది. మహా పిరికిది. నేలబారు పొదల్లో దూరి కూర్చుంటుంది. చాటు దొరకకపోతే మేత కూడా ముట్టదని చదివాను.

"అయ్యగారూ, దానికి ఎత్తు మొక్కలెందుకండీ? కింద గుబురుండాలండి," అన్నాను మా యజమానితో.

"ఏంట్రా, జింక నీకేమైనా ఉత్తరం రాసిందా?" అన్నాడాయన. పనివాళ్లంతా నవ్వారు.

కాంట్రాక్టరు మాత్రం నవ్వలేదు. "నువ్వన్నది నిజమే అయ్యుండొచ్చయ్యా. అక్కడ ఇంజనీరుగారు టేపు పెట్టి చూసేది ఎత్తే. గుబురుని ఏ టేపుతో కొలుస్తారు చెప్పు?"

కానుగ మొక్కలు ఎంచాం. కింది కొమ్మలు కోసేస్తే మొక్క నిటారుగా పోతుంది, లారీలోనూ ఎక్కువ పడతాయి. ఎత్తును బట్టి ధర పలికే చోట అందరం చేసే పనే అది. మా రెండు వందల కానుగలూ చేతికర్రల చివర గుప్పెడు ఆకులు కట్టినట్టు ఉన్నాయి.

మూషిక జింకను కళ్లారా చూడాలని లారీతో నేనూ వెళ్లాను. మధ్యాహ్నానికల్లా కూలీలు నాటేశారు. ఇంజనీరుగారు కొలిచి, లెక్కపెట్టి, సంతకం చేసి వెళ్లారు. అప్పుడు, పొద్దుట్నుంచీ నా పుస్తకాల కబుర్లు వింటున్న అక్కడి ముసలి కాపలాదారు పక్కనున్న బోను తలుపు తీశాడు.

రెండు మూషిక జింకలు బయటికొచ్చాయి. ఎంత చిన్న కాళ్లు! నేను ఆవరణ ముందున్న ఇనుప వలను పట్టుకుని చూశాను. అవి కర్రల్లాంటి ఆ కాండాల మధ్య అటూ ఇటూ పరుగెత్తి, ఒక మూల గోడకు అతుక్కుపోయి వణకసాగాయి. అరటిపండు ముక్కలు ముందు పెట్టినా తల తిప్పలేదు.

"బోనులో గోనెపట్టా కింద దూరి తినేవి బాబూ," అన్నాడు కాపలాదారు. "ఇక్కడ దూరడానికి ఏముంది? ఇలాగే రెండ్రోజులు తినకపోతే దక్కవు."

లారీ వైపు చూశాను. కడియంలో ఎత్తు మొక్కలు ఎక్కించేటప్పుడు అవి ఒకదానికొకటి రాసుకోకుండా, అమ్ముడుపోని పొట్టి మొక్కలను సందుల్లో కూరుతాం. వాటిని ఏ జాబితాలోనూ రాయం. సరుకు దించాక డ్రైవర్లు పారేస్తారు. ఆ రోజూ అలాగే ఓ నలభై దాకా చక్రాల పక్కన పడున్నాయి. నూరువరహాలు, మందారాలు. ఎవరూ కొమ్మ కోయని మొక్కలు కాబట్టి, నేలనుంచే గుబురుగా ఉన్నాయి!

రెండు చేతులా పట్టినన్ని ఎత్తుకొచ్చాను.

"లిస్టులో లేనివి నాటితే రేపు నన్నడుగుతారయ్యా!" అన్నాడు అక్కడే ఉన్న కాంట్రాక్టరు.

"నాటొద్దని లిస్టులో ఉందాండీ?"

ఆయన జేబులోంచి కాగితం తీసి మళ్లీ చదివాడు. "లేదు. కూలీలు వెళ్లిపోయారు మరి. నువ్వే తవ్వుకో."

కాపలాదారు జింకలను మెల్లగా బోనులోకి తోలి, గునపం తెచ్చాడు. "పుస్తకాలాయనా, ఇది పట్టడం వచ్చా?"

"కడియం వాణ్ని బాబాయ్, ఇలా ఇవ్వు!"

నేను గోతులు తీస్తుంటే ఆయన మొక్కలు దించాడు. గోడ వారగా, జానెడు సందు కూడా లేకుండా నాటాం. చేతులు బొబ్బలెక్కిన సంగతి నాకు తెలియనే లేదు. పొద్దు వాలుతుండగా బోను మళ్లీ తెరిచాం.

జింకలు రెండూ తిన్నగా పొదల్లోకి దూరి మాయమయ్యాయి. కాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత నూరువరహాల కింద ఆకులు కదిలాయి. ఒక మూతి బయటికొచ్చి, అరటిపండు ముక్కను లాక్కుని లోపలికి పోయింది. నమిలే చప్పుడు!

ఆనందం పట్టలేక కాంట్రాక్టరు వీపు మీద చరిచాను. ఆయన తెల్ల ప్యాంటు మట్టి అయిపోతుందని కూడా చూసుకోకుండా మోకాళ్ల మీద వంగి, "ఏదీ, ఏదీ, మళ్లీ వస్తుందా?" అంటున్నాడు. మూతి మళ్లీ వచ్చింది, ఈసారి చెవులతో సహా. ముసలాయన గబగబా ఇంకో పండు వొలవడం మొదలుపెట్టాడు.