చట్టం కాపాడిన పాట

తాళ్ళ కార్ఖానాలో పాట మేస్త్రి అంటే ఆషామాషీ మనిషి కాదు. రేవులో పెద్ద పడవలను కట్టిన మోకులు ఆయన పాట మీద పేనినవే. వంతెన దూలాలను పైకి లాగిన మోకూ ఆయన గొంతు చలవే. పురి ఎక్కే కొద్దీ పేనేవాళ్ళు వెనక్కి నడవాలి. అందరి అడుగూ ఒక్కటిగా పడాలంటే పాట కావాలి. ఎవరు వెనకబడితే వాళ్ళ మీద అప్పటికప్పుడు చరణం కట్టి అంటించేవాడు. వాళ్ళు నవ్వుకుంటూనే అడుగు సర్దుకునేవారు. నిన్నటి చరణం నేడు పాడి ఎరగడు.

అలాంటి పాటను జాతి సంపదగా కాపాడాలని చట్టం వచ్చింది. రికార్డు చేస్తామని ఆఫీసుకు పిలిస్తే మేస్త్రి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. తలుపులు మూసిన గది, చేతిలో తాడు లేదు. పెద్దవాళ్ళ ముందు ఎకసెక్కాలేం బాగుంటాయని చరణాలన్నీ మింగేసి, పల్లవినే సాగదీసి కచేరీలా పాడాడు. మెడలో పతకం వేశారు. దాంతోనే ఊరంతా తిరిగాడు.

ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. పాట కూతురికి అప్పగించాలి. సర్కారు గుర్తింపు ఉన్నవాళ్ళే పాడాలంటుంది చట్టం. పరీక్షించడానికి ఆఫీసరు కార్ఖానాకే వచ్చాడు. కూతురు పాట ఎత్తుకుని, "కుర్చీలో అయ్యగారికి ఒక్క కాలే ఊగుతోంది, రెండోది ఆఫీసులో మరిచారా" అని అంటించింది. ఆయనా నవ్వాడు. నవ్వాక రికార్డు వినిపించి, దీనితో కలవలేదన్నాడు.

"అది తప్పు పాటండీ. నేనే చెడగొట్టాను," అన్నాడు మేస్త్రి.

"మీరు పాడిందేగా పెద్దాయనా. చట్టం కాపాడేది దీన్నే. మార్చే హక్కు నాకు లేదు, మీకూ లేదు."

ఇంటిదారిలో కూతురు అంది. "ఆ సాగదీసేదే నేర్పు నాన్నా. గుర్తింపు లేకపోతే నన్ను నోరెత్తనివ్వరు."

"దాని మీద తాడు నడవదమ్మా."

"తాడు సంగతి వాళ్ళు అడగలేదుగా."

నేర్పాడు. తన తప్పును తన గొంతుతోనే, ఒక్క విరుపు పోకుండా నేర్పాడు. గుర్తింపు వచ్చింది, కూతురి మెడలోనూ పతకం పడింది.

తనిఖీకని ఆఫీసరు మళ్ళీ వచ్చిన రోజు ఆమె ఆ పాటే పాడింది. అడుగులు తలోదారీ పట్టాయి. పురి ఒకచోట బిగిసి, ఒకచోట వదిలి, తాడు నేల మీద మెలికలు పడింది. అందరికన్నా వెనకబడిన తన పాత జోడీగాణ్ణి చూడగానే మేస్త్రికి నాలుక చివరిదాకా ఓ చరణం వచ్చింది. కూతురు వద్దన్నట్టు తల ఊపింది.

దాన్నీ మింగేసి, ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.